ఎల్లారెడ్డి ఎన్నుకొన్న ఇద్దరు మహిళలు

ప్రజాస్వామ్యమును గూర్చి మన పౌరశాస్త్ర పుస్తకములు చెప్పు మాటలను పిల్లలు సులభముగా కంఠస్థము చేయుదురు. ఓటు హక్కు, రహస్య బ్యాలెట్టు, రిజర్వు స్థానము, సభాపతి, ఉపసభాపతి అను పదములు పరీక్షనాడు కలము చివర నుండి వాటంతట అవియే జాలువారును. కాని ఈ పదములు ఒక ఊరిలో, ఒక మనిషి జీవితములో ఏమి పని చేసినవో తెలిసిన నాడే అవి చదువగును. అట్లు తెలిసికొనుటకు దేశాంతర చరిత్రలను వెదకవలసిన అగత్యము లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలో బడికి వెళ్ళు బాలబాలికలకు ఆ పాఠము తమ ఊళ్ళలోనే లభించును.

కామారెడ్డి హైదరాబాదు నుండి నిజామాబాదుకు పోవు రహదారిపై, రైలు మార్గముపై ఉన్న వర్తక పట్టణము. దాని బెల్లపు బజారు చిరకాలముగా ప్రసిద్ధము. దానికి పడమటి దిక్కున ఎల్లారెడ్డి ఉన్నది. ఆ సీమలోనే 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము మంజీరా నీటిని ఆపి పొలములకు పంపుచున్నది. చాలకాలము నిజామాబాదు జిల్లాలో భాగములైన ఈ రెండు పట్టణములును 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లాలో చేరినవి. 2023 శాసనసభ ఎన్నికలలో ఒక ముఖ్యమంత్రి, మరికొన్ని దినములకే ముఖ్యమంత్రి కాబోవు నాయకుడు ఇద్దరును కామారెడ్డిలో ఓడిపోవుటచేత ఆ పట్టణము పేరు దేశమంతట మారుమ్రోగినది. అంతకంటె గొప్ప విశేషము ఈ సీమ చరిత్రలో అరువది ఏండ్లకు పూర్వమే జరిగినదని చెప్పినచో చాలమంది ఆశ్చర్యపడుదురు.

1957 నుండి 1978 వరకు ఇరువది ఒక్క సంవత్సరములు ఎడతెగకుండ ఈ సీమ నుండి ఒక దళిత మహిళ రాష్ట్ర శాసనసభలో కూర్చున్నది. మొదట కామారెడ్డి నుండి, తరువాత ఎల్లారెడ్డి నుండి శ్రీమతి టి.ఎన్. సదాలక్ష్మి. ఆ తరువాత రెండు పర్యాయములు ఎల్లారెడ్డి నుండియే శ్రీమతి జె. ఈశ్వరీబాయి. నాడు స్త్రీలకు ప్రత్యేక స్థానములు లేవు. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రములో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి పదిమందికి మించి లేరు. స్త్రీలలో ఆ సంఖ్య ఇంకను తక్కువ. అంటరానివారని వెలివేయబడిన కులముల స్త్రీల మాట చెప్పనే అక్కరలేదు. అట్టి కాలములో, అట్టి సీమలో ఇది జరిగినది.

జోడు స్థానముల కాలము

శ్రీమతి సదాలక్ష్మి 1928 డిసెంబరు 25న సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతములో జన్మించినారు. ఆమెది మాదిగలలో ఒక శాఖయైన మెహతర్ కుటుంబము. పట్టణముల వీధులను, పాయిఖానాలను శుభ్రపరచు పనిని తరతరములుగా సమాజము ఆ కులము నెత్తిన పెట్టినది. ఊరంతటిని శుభ్రముగా ఉంచు చేతులనే ఊరు మైలయని దూరముగా నిలిపినది. ఆ ఇంటి బిడ్డ చదువుకొనుటయే ఒక సాహసము. ఆమె చదువుకొన్నారు, సభలలో మాట్లాడుట నేర్చుకొన్నారు, ఆర్యసమాజ భావములు గల విద్యావేత్త శ్రీ టి.వి. నారాయణను వివాహమాడినారు. ఆయనకు తరువాత 2016లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

1957లో తెలంగాణా ప్రాంతమునకు శాసనసభ ఎన్నికలు జరిగినవి. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1955లోనే ఎన్నికై యుండిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటచేత వారి 196 స్థానములకు తెలంగాణా వారి 105 స్థానములు చేరి 301 మంది సభ్యుల సభ అయినది. ఆ 105 స్థానములలో కామారెడ్డి నుండి కాంగ్రెసు అభ్యర్థినిగా గెలిచి వచ్చినప్పుడు సదాలక్ష్మి వయస్సు ఇరువదెనిమిది సంవత్సరములు.

నాటి ఎన్నికల పద్ధతిని నేటి విద్యార్థులు ఎరుగరు కనుక కొంచెము వివరింపవలసి ఉన్నది. ఆ దినములలో షెడ్యూల్డు కులములకు కేటాయించిన స్థానము చాల చోట్ల విడిగా ఉండెడిది కాదు. ఒకే నియోజకవర్గము నుండి ఇద్దరు సభ్యులను ఎన్నుకొనెడివారు. ఒక స్థానము సామాన్యము, రెండవది షెడ్యూల్డు కులములకు రిజర్వు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండెడివి. ఆ రెండింటిని ఒకే అభ్యర్థికి వేయరాదు. షెడ్యూల్డు కులముల అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చిన వారికి రిజర్వు స్థానము దక్కెడిది. తక్కిన అభ్యర్థులందరిలో, వారు ఏ కులము వారైనను, ఎక్కువ ఓట్లు వచ్చిన వారికి రెండవది దక్కెడిది. 1957లోనే పార్వతీపురము లోకసభ నియోజకవర్గములో ఈ లెక్క ప్రకారము రెండు స్థానములును గిరిజన అభ్యర్థులకే లభించగా, తరువాత రాష్ట్రపతియైన శ్రీ వి.వి. గిరి ఓడిపోయినారు. ఆ వివాదము సుప్రీంకోర్టు వరకు పోయి, ఎన్నిక సక్రమమేయని తేలినది. 1961లో పార్లమెంటు చట్టము చేసి ఈ జోడు నియోజకవర్గములను రద్దు గావించినది. 1962లో ఎల్లారెడ్డి ఏకసభ్య రిజర్వు స్థానమైనది. సదాలక్ష్మి అక్కడ నుండి మరల గెలిచినారు.

ఈ వివరణ ఎందుకనగా, రిజర్వు స్థానము నుండి వచ్చినవారిని ఎవరో దయతలచి కూర్చుండబెట్టినారని కొందరు చులకనగా తలచుట కలదు. జోడు స్థానములో గాని, విడి స్థానములో గాని ఓటు వేసినది ఊరంతయు. కాపు, కంసాలి, కోమటి, గొల్ల, మాల, మాదిగ అందరి ఓట్లును లెక్కకు వచ్చినవి. తన వాకిట నిలువనీయని మనిషి చేత కూడ ఓటు వేయించుకొనగల నేర్పు ఉన్నవారే అక్కడ గెలువగలిగినారు.

సభాధ్యక్ష పీఠముపై

1957 నుండి ఉపసభాపతిగా ఉన్న శ్రీ కొండా లక్ష్మణ్ బాపూజీ తరువాత, 1960లో ఆ పదవికి శ్రీమతి సదాలక్ష్మి ఎన్నికైనారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఆమెయే తొలి మహిళా ఉపసభాపతి. శ్రీ అయ్యదేవర కాళేశ్వరరావు అప్పుడు సభాపతి. ఆ సంవత్సరము జనవరిలోనే శ్రీ దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రియై, దేశములో ఆ పదవిని పొందిన తొలి దళితుడను ఖ్యాతి గాంచినారు. ఒకే కాలములో ఒక రాష్ట్రపు ముఖ్యమంత్రి ఆసనములో కర్నూలు జిల్లా పల్లెటూరి దళితుడును, సభాపతి లేని వేళలలో అధ్యక్ష పీఠముపై సికింద్రాబాదు మెహతర్ వాడ ఆడపడుచును ఉన్న దృశ్యమును మన చరిత్ర పుస్తకములు ఒక వాక్యములోనైనను చూపవలసి ఉన్నది.

సభా మర్యాదలను ఎరిగిన వారికి ఆ దృశ్యములోని అర్థము తెలియును. సభ్యుడు ఎంతటి జమీందారైనను, ఎంతటి పండితుడైనను, మాట్లాడవలెనన్న అధ్యక్ష స్థానమునే సంబోధింపవలెను. అధ్యక్ష స్థానము అనుమతింపనిదే నోరు విప్పరాదు. అధ్యక్షులు లేచి నిలిచినచో తాను కూర్చుండవలెను. అస్పృశ్యతను నిషేధించు రాజ్యాంగపు 17వ అధికరణము 1950లో అమలునకు వచ్చినది. దానిని ఉల్లంఘించిన వారిని శిక్షించు చట్టము 1955లో వచ్చినది. అప్పటికి ఐదేండ్లకే ముప్పది ఒక్క ఏండ్ల దళిత యువతి ఎదుట రాష్ట్రములోని పెద్దలందరును సభా మర్యాద పాటించినారు. చట్టము కాగితముపై చెప్పిన మాటను ఆ పీఠము కంటికి చూపినది.

తరువాత ఆమె మంత్రిణియై దేవాదాయ ధర్మాదాయ శాఖను నిర్వహించినారు. ఏ కులము వారిని దేవాలయ ద్వారము వద్దనే ఆపివేసిరో ఆ కులపు స్త్రీ చేతికి దేవాలయముల ఆస్తులు, ఆదాయ వ్యయములు, ధర్మకర్తల వ్యవహారములు చూచు శాఖ వచ్చినది. గుడిలోనికి పోనిమ్మని ప్రార్థించుట ఒక మెట్టు. గుడి లెక్కలు చూపుమని అధికారముతో అడుగుట మరియొక మెట్టు. ఈ రెండు మెట్ల మధ్య ఎన్ని తరముల దూరమున్నదో ఉపాధ్యాయులు పిల్లలకు వివరింపగలరు.

ఇచట ఒక పోలిక చెప్పవచ్చును. 1962లో హైదరాబాదు నగరమునకు మేయరు పదవిని పొందిన తొలి మహిళ రాణీ కుముదినీ దేవి. ఆమె వనపర్తి సంస్థానపు కోడలు. కుష్ఠు రోగులకు ఆమె చేసిన సేవ మరువరానిది. కాని ఆమె వెనుక ఒక సంస్థానపు పేరు, దానిపై ప్రజలకు గల గౌరవము ఉన్నవి. సదాలక్ష్మికి, ఈశ్వరీబాయికి వెనుక అట్టిదేదియు లేదు. వారికి తమ మాట, తమ నడక, తమ వారి నమ్మకము మాత్రమే మూలధనము.

ఎల్లారెడ్డి తీర్పు

శ్రీమతి జెట్టి ఈశ్వరీబాయి సదాలక్ష్మి కంటె పదేండ్లు పెద్ద. 1918 డిసెంబరు 1న సికింద్రాబాదు చిలకలగూడలో జన్మించి, కీస్ ఉన్నత పాఠశాలలో చదివినారు. బాల్యములోనే వివాహమైనది. పూనాలో దంతవైద్యులైన భర్త అనతికాలములోనే గతించగా, చంటిబిడ్డతో పుట్టినింటికి తిరిగి వచ్చినారు. పుట్టినింటివారికి భారము కాకుండ సికింద్రాబాదులోని పరోపకారిణీ పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరినారు. ఈ వ్యాసము చదువు ఉపాధ్యాయులు ఈ సంగతిని ప్రత్యేకముగా గమనింపగోరుదును. తరువాత శాసనసభలో మంత్రులను నిలదీసిన ఆ కంఠము మొదట నల్లబల్ల ముందర పదునెక్కినది.

1951లో ఆమె చిలకలగూడ వార్డు నుండి పురపాలక సంఘమునకు సభ్యురాలిగా ఎన్నికైనారు. కుళాయిలు, మురుగు కాలువలు, వీధి దీపములు, పేదల ఇండ్ల పట్టాలు, వీటితోనే ఆమె రాజకీయ విద్యాభ్యాసము మొదలైనది. డాక్టరు అంబేద్కరు 1956 డిసెంబరు 6న పరమపదించిన తరువాత ఆయన అనుచరులు 1957లో స్థాపించిన రిపబ్లికన్ పార్టీలో ఆమె చేరి, మన రాష్ట్రములో దానికి ముఖ్య నాయకురాలైనారు. ఆమె మార్గమునకును సదాలక్ష్మి మార్గమునకును భేదమిదియే. సదాలక్ష్మి అధికార పక్షములో ఉండి, లోపల నుండి ద్వారములు తెరువ జూచినారు. ఈశ్వరీబాయి ప్రతిపక్షములో ఉండి, బయట నుండి ఆ ద్వారములను తట్టినారు.

1967లో ఈ రెండు మార్గములును ఎల్లారెడ్డిలో ఎదురెదురుగా నిలిచినవి. ఒక ప్రక్క పదేండ్లు శాసనసభ్యురాలిగా ఉండి ఉపసభాపతి పదవిని, మంత్రి పదవిని నిర్వహించిన సదాలక్ష్మి. మరియొక ప్రక్క చిన్న పార్టీ జెండా పట్టిన ఈశ్వరీబాయి. ఎల్లారెడ్డి ఓటర్లు ఈశ్వరీబాయిని గెలిపించినారు.

ఒకరు గెలిచి ఒకరు ఓడినారని చెప్పి ఊరకుండిన ఈ కథలోని సారము జారిపోవును. సాధారణముగా వెనుకబడిన వర్గము నుండి ఒకరు పైకి వచ్చినచో వారిని ఆ వర్గమునకంతకును ఏకైక ప్రతినిధిగా చూచుట లోకపు అలవాటు. వారిని పొగడుటకైనను, దూషించుటకైనను వారి పుట్టుకనే కారణముగా చెప్పుదురు. ఎల్లారెడ్డి ఓటరుకు 1967లో ఆ వెసులుబాటు లేదు. ఎదుట ఇద్దరును స్త్రీలు, ఇద్దరును దళితులు, ఇద్దరును సమర్థులు. కనుక అతడు పుట్టుకను విడిచి పక్షమును, పనిని, మాటను తూచవలసి వచ్చినది. నిజమైన సమానత్వము మనకు దయగా ఇచ్చిన ఒక కుర్చీలో ఉండదు. మనవంటి ఇద్దరు పోటీపడగా, ఎవరు మేలని ఊరు విచారించు దినమున అది ఉండును. ఆ దినము ఎల్లారెడ్డికి చాల ముందుగానే వచ్చినది.

ఒకే కోరిక, రెండు కంఠములు

1969లో తెలంగాణా ఉద్యమము చెలరేగినది. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందములోని హామీలు, ముల్కీ నిబంధనలు అమలు కావడము లేదని విద్యార్థులు, ఉద్యోగులు వీధులకు వచ్చినారు. ఎల్లారెడ్డిలో పరస్పరము పోటీపడిన ఇద్దరు మహిళలును ఈ కోరిక విషయములో ఒకే వైపు నిలిచినారు. సదాలక్ష్మి తన పాత పక్షపు ప్రభుత్వమునకు ఎదురుగా తెలంగాణా ప్రజా సమితిలో ముందు వరుసలో పనిచేసినారు. ఈశ్వరీబాయి సభలోను, వీధిలోను తన వాగ్ధాటిని చూపి, చెరసాలకు వెళ్ళినారు.

1971 లోకసభ ఎన్నికలలో ప్రజా సమితి తెలంగాణాలోని 14 స్థానములలో 10 గెలుచుకొన్నది. ఆ సంవత్సరమే అది కాంగ్రెసులో విలీనమైనది. ఆ విలీనమునకు అంగీకరింపని వారు సంపూర్ణ తెలంగాణా ప్రజా సమితిని స్థాపించినారు. 1972 ఎన్నికలలో ఆ పక్షము పేరిట శాసనసభకు గెలిచి వచ్చినది ఈశ్వరీబాయి ఒక్కరే. పెద్ద నాయకులు రాజీ మార్గము పట్టిన తరువాత కూడ ఒక నినాదమును సభలో ఒంటరిగా మోయుట సామాన్యము కాదు. ఎల్లారెడ్డి ఓటరు ఆమెను రెండవసారి పంపి ఆ ఒంటరి కంఠమునకు బలమిచ్చినాడు. ఆమె 1991 ఫిబ్రవరిలో దివంగతులైనారు. పుట్టినింట పెరిగిన ఆ బిడ్డ జె. గీతారెడ్డి వైద్యురాలై, తరువాత రాష్ట్ర మంత్రిణి కూడ అయినారు. తెలంగాణా రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడినది.

వాటాలో వాటా

సదాలక్ష్మి జీవితములో చివరి ఘట్టము విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. షెడ్యూల్డు కులములకు కలిపి ఇచ్చిన రిజర్వేషన్లలో అన్ని కులములకు న్యాయమైన పాలు అందుట లేదని, వాటిని వర్గీకరింపవలెనని 1994 జూలైలో ప్రకాశము జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమము పుట్టినది. వయస్సు మీరిన సదాలక్ష్మి ఆ యువకులకు అండగా నిలిచినారు. పదవులన్నియు అనుభవించి విశ్రాంతి తీసికొనదగిన దినములలో ఆమె మరల సభలకు వచ్చినారు. తాను ఎక్కిన మెట్లను తన వారిలో ఎందరు ఎక్కగలిగిరని లెక్క చూచుకొన్నవారికే అట్టి పట్టుదల కలుగును.

1997లో ప్రభుత్వము 15 శాతము రిజర్వేషన్లను ఎ, బి, సి, డి అను నాలుగు వర్గములుగా విభజించి వరుసగా 1, 7, 6, 1 శాతములు కేటాయించినది. 2000లో దానికి చట్టరూపము వచ్చినది. 2004 జూలైలో సదాలక్ష్మి కన్నుమూసినారు. అదే సంవత్సరము నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసినది. ఇరువది సంవత్సరముల తరువాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పాత తీర్పును త్రోసిపుచ్చి, రాష్ట్రములు వర్గీకరణ చేసికొనవచ్చునని ఆరుగురి ఆధిక్యముతో తీర్పు చెప్పినది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కరు జయంతి నాడు, తెలంగాణాలో మూడు వర్గములకు 1, 9, 5 శాతములుగా పంచిన చట్టము అమలులోనికి వచ్చినది. ఈ విషయమున భిన్నాభిప్రాయములు ఉన్నవి. షెడ్యూల్డు కులముల ఐక్యత చెడునని వాదించువారును ఉన్నారు. కాని ఆ వాదము ఏ వైపు తేలినను, సదాలక్ష్మి అడిగిన ప్రశ్న మాత్రము తప్పించుకొనరానిది. వాటా వచ్చినదని సంతోషించిన తరువాత, ఆ వాటా ఎవరి విస్తరిలోనికి చేరినదని ఎవరో ఒకరు అడుగవలెను గదా.

ఆమె జీవిత కథను రచయిత్రి గోగు శ్యామల సేకరించి 'నేనే బలాన్ని' అను పేరిట 2011లో గ్రంథరూపమున వెలువరించినారు. పాఠశాల గ్రంథాలయములలో ఉండదగిన పుస్తకమది.

తరువాత ఏమైనది?

ఇంతవరకు చెప్పినది గర్వింపదగిన కథ. ఇక చెప్పవలసినది ఆలోచింపదగినది. 1972 తరువాత కామారెడ్డి నుండి గాని, ఎల్లారెడ్డి నుండి గాని మరియొక స్త్రీ శాసనసభకు ఎన్నిక కాలేదు. నాలుగు ఎన్నికలలో వరుసగా స్త్రీని పంపిన సీమ, అర్ధ శతాబ్దికి మించిన కాలములో ఒక్క స్త్రీనైనను పంపలేదు. ఆ మధ్య కాలములో అక్షరాస్యత పెరిగినది. బాలికల ఉన్నత పాఠశాలలు, కళాశాలలు వెలసినవి. ఆడపిల్లలు పరీక్షలలో ముందు నిలుచుచున్నారు. అయినను ఆ ద్వారము మూసుకొనియే ఉన్నది.

దీనిలో ఒక సత్యము కలదు. ముందుగా ఒకరు నడిచినంత మాత్రమున బాట నిలిచి ఉండదు. నడచువారు లేనిచో గడ్డి మొలచి బాట కనుమరుగగును. 1992 నాటి రాజ్యాంగ సవరణల మూలమున పంచాయతీలలోను, పురపాలక సంఘములలోను స్త్రీలకు మూడవ వంతు స్థానములు లభించినవి. మన రాష్ట్రములో తరువాత అది సగమైనది. దానివలన కామారెడ్డి పురపాలక సంఘమునకు స్త్రీలు అధ్యక్షులు కాగలిగినారు. ఎందరో సర్పంచులైనారు. ఈశ్వరీబాయి 1951లో ఒంటరిగా ఎక్కిన తొలి మెట్టు నేడు వేలమందికి అందుబాటులో ఉన్నది. శాసనసభలకు, లోకసభకు స్త్రీలకు మూడవ వంతు స్థానములు ఇచ్చు 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదము పొందినది. షెడ్యూల్డు కులముల స్థానములలోను మూడవ వంతు ఆ కులముల స్త్రీలకు దక్కవలెనని దానిలో ఉన్నది. జనగణన, నియోజకవర్గముల పునర్విభజన జరిగిన పిమ్మటనే అది అమలు కావలెనని నిబంధన.

అయితే చట్టము స్థానమును మాత్రమే చూపగలదు. ఆ స్థానములో కూర్చుండి భర్త మాటనో, పక్షపు పెద్దల మాటనో పలుకక, తన మాట తాను పలుకు మనిషిని చట్టము సృష్టింపజాలదు. ఆ పని బడిలో జరుగవలెను. తరగతి గదిలో చేయి ఎత్తి ప్రశ్న అడిగిన బాలికను కూర్చుండుమని గద్దించు ఉపాధ్యాయుడు ఒక శాసనసభ్యురాలిని పోగొట్టుచున్నాడు. చివరి బల్లపై ముడుచుకొని కూర్చున్న పేదింటి పిల్లను పేరుపెట్టి పిలిచి, విద్యార్థి సంఘపు సభలో అధ్యక్షత వహింపుమను ఉపాధ్యాయిని మరియొక సదాలక్ష్మికి పీఠము సిద్ధపరచుచున్నది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పాఠశాలలలో ఏటేట మహిళా దినోత్సవము జరుపుదురు. ఆ దినమున దూరదేశపు వీరవనితల పేర్లతో పాటు ఈ రెండు పేర్లను కూడ గోడపై వ్రాయవచ్చును. పిల్లలను ఒక ప్రశ్న కూడ అడుగవచ్చును. మన తాతలు, అవ్వలు అంత చదువు లేని దినములలో నాలుగు మారులు ధైర్యముగా చేసిన పనిని, ఇంత చదివిన మనము ఇంకను ఏల చేయలేదు? ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములో దొరకదు. దానిని వారు పెద్దవారై, ఓటు పెట్టె వద్ద గాని, అభ్యర్థుల జాబితాలో గాని వ్రాయవలసి ఉన్నది.